పెట్టె మీద ఊరు

"ఉమ్మడానికి బకెట్ అక్కడుంది పెద్దాయనా."

ఫిర్మిన్ రెండోసారి చెప్పాడు.

ముసలాయన కళ్ళు మూసుకుని గుటక వేశాడు. ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకు చాపాడు.

ఇంగ్లండులో, బ్రిస్టల్‌లోని ఆ హాలు నిండా వైన్ చేసేవాళ్ళ బల్లలే. షాపులవాళ్ళు వస్తారు, రుచి చూస్తారు, బకెట్లో ఉమ్ముతారు, కాగితం మీద ఏదో గీసుకుని పక్క బల్లకు పోతారు. వాళ్ళ ఛాతీ మీద బ్యాడ్జీ, దాని మీద షాపు పేరు ఉంటాయి. మింగేవాడు కొనడు. అక్కడ అందరికీ తెలిసిన సంగతే.

ముసలాయనకు బ్యాడ్జీ లేదు. కోటు మోచేతి దగ్గర చిరిగింది.

"చుట్టం దొరికాడే ఫిర్మిన్!" పక్క బల్ల అన్సెల్మ్ కేకేశాడు. "ఊరికే పోస్తానంటే మా మామని కూడా పంపిస్తా."

ఫిర్మిన్ నవ్వలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఫ్రాన్సులోని అతని పై ద్రాక్షతోట వైనంతా ఒకే షాపుకు వెళ్ళింది. ఇంగ్లండులో ఏదో చిన్న ఊరు. ఏటా మార్చిలో ఉత్తరం వచ్చేది. కింద సంతకం ఉండేది కాదు, షాపు ముద్ర ఉండేది. వెనకాలే లారీ వచ్చేది. పెట్టెల మీద ఊరి పేరు ఫిర్మిన్ తనే కుంచెతో రాసేవాడు. లియోమిన్‌స్టర్. పది ఇంగ్లీషు అక్షరాలు. షాపువాణ్ణి ఎన్నడూ చూడలేదు. గొంతు కూడా వినలేదు. అవసరం పడలేదు.

ఈ మార్చిలో రెండు ముక్కలు వచ్చాయి. షాపు మూసేశాం. ఇక పంపవద్దు.

ఫిర్మిన్ ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టి, రాసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు.

తర్వాత సూపర్‌మార్కెట్ మనిషి వచ్చాడు. ట్యాంకరు పంపుతాం, అందులో పొయ్యండి, తోట పేరు మాకక్కర్లేదన్నాడు. ఫిర్మిన్ అతనికి గేటు చూపించాడు.

పై తోట తీగలు భార్య తండ్రి నాటినవి. ఆమె పోయాక ఫిర్మిన్ మనసు విప్పి మాట్లాడింది వాటితోనే. వచ్చే సోమవారం వాటిని పీకడానికి ట్రాక్టరు వస్తుంది. ఈ హాల్లో కొనేవాళ్ళు దొరికితే రానక్కర్లేదు.

మూడు గంటలైంది. ఒక్కరూ దొరకలేదు.

"ఇది పై తోటదేగా? రాతిగోడ పక్కది?" ముసలాయన అడిగాడు. బడిలో బట్టీపట్టిన ఫ్రెంచి.

"సీసా మీద రాసుందిగా."

"సీసా మీద గోడ సంగతి లేదండీ."

ఫిర్మిన్ వినడం లేదు. ముసలాయన వెనక బ్యాడ్జీ పెట్టుకున్న ఒకావిడ గ్లాసుతో నిలబడి ఉంది.

"నేను లెమ్‌స్టర్ నుంచి వచ్చాను. రెండు రైళ్ళు మారాను."

ఆ మాట చెప్పి, ముసలాయన ఫిర్మిన్ ముఖంలోకి చూస్తూ ఆగాడు.

"అయితే? చార్జీలు నన్నిమ్మంటావా?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"మీ కోపం సబబే" అన్నాడు. "ఇంకొక్క గుక్క పోయండి. నాకిది మళ్ళీ దొరక్కపోవచ్చు."

ఫిర్మిన్ సీసాకు బిరడా కొట్టాడు.

"ఇది సారా కొట్టు కాదు తాతా. తప్పుకో. వెనక కొనేవాళ్ళున్నారు."

ముసలాయన లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద ఉంచాడు.

"ఇది మీ దగ్గర పెట్టుకోండి. అందరికీ చెప్పి ఉంచాను."

తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాడు. ఆపైన కనిపించలేదు.

బల్ల మీద అతని గ్లాసు పెట్టిన చోట ఎర్రటి మరక. ఫిర్మిన్ ఆ కాగితంతోనే తుడిచి, ఉండచుట్టి బకెట్లో వేశాడు.

బ్యాడ్జీ ఆవిడ రుచి చూసింది. ఉమ్మింది. బావుందంది. పక్క బల్లకు పోయింది.

ఐదింటికి బల్లలు ఎత్తేశారు. ఫిర్మిన్ బకెట్ తీసుకెళ్ళి తూములో ఒంపాడు. తూము జాలీ మీద కాగితం ఉండ పడి మెల్లగా విచ్చుకుంది. సిరాతో రాసిన వరుసలన్నీ కరిగి నీలంగా కారుతున్నాయి. పైన అచ్చువేసిన షాపు చిరునామా మాత్రం చెక్కుచెదరలేదు.

అందులో పది అక్షరాలు అతనికి బాగా తెలుసు.

"హెస్టర్!" హాలు నడిపే ఆవిణ్ణి కేకేశాడు. "ఇవాళ లియోమిన్‌స్టర్ నుంచి ఎవరైనా వచ్చారా?"

"ఏ ఊరూ?" ఆమె వచ్చి కాగితం చూసింది. "ఓ, ప్రోసర్ గారిది! షాపు లేనివాళ్ళకి బ్యాడ్జీ ఇవ్వకూడదు. అయినా నేనే లోపలికి పంపాను, మీకోసం వచ్చానంటేనూ. రెండు నెలలు బస్సుల్లో తిరిగి తొమ్మిది షాపులవాళ్ళని ఒప్పించాడట, మీ వైన్ తీసుకోమని. మీ ఉత్తరం కోసం చూస్తుంటారట వాళ్ళు. పేర్లన్నీ దీంట్లోనే రాశాడు... ఇదేంటి, ఇలా తడిసిందేం?"

"ఏ షాపులు?"

"నాకేం తెలుసండీ? ఆయన్నే అడగాలి."

"ఎక్కడుంటాడు?"

"షాపు మీద గదిలో ఉండేవాడు. ఇప్పుడక్కడ ఆడవాళ్ళ గోళ్ళకి రంగులేస్తున్నారు. ఎక్కడుంటున్నారని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పిచ్చి మనిషి. ఎవరి వైన్ ఇచ్చినా ఉమ్మేవాడు, మీదొక్కటే మింగేవాడు."

ఫిర్మిన్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఒక ముసలాయన వచ్చిన మాట నిజమే" అన్నాడు. "కానీ ఈ ఊరని చెప్పలేదు. లెమ్‌స్టరో ఏదో అన్నాడు."

హెస్టర్ ఆ పది అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదేనండీ. ఇలా రాస్తాం, లెమ్‌స్టర్ అని పిలుస్తాం."