ఇంద్రుడి కిరీటం

“నావల్ల కాదయ్యా, ఈసారికి వదిలేయండి,” అంటూ ఇంద్రుడు దగ్గాడు.

ముప్పై ఏళ్లుగా ఆ వేషం ఆయనదే కాబట్టి ఊరంతా ఇంద్రుడనే పిలుస్తుంది. వాన ముఖం చాటేసిన ఏడల్లా రాములవారి గుడి ముందు ట్రాక్టరు తొట్టి ఎక్కి, మబ్బులను పిలిచే పద్యం ఆయనే ఎత్తుకోవాలి. ఈ ఏడు కంది మొలకలోనే మాడుతోంది. కూలి లేక ఆయన ఇంట్లోనూ పొయ్యిలో పిల్లి లేవడం లేదు.

“ఏంది ఇంద్రుడా, ఊరు ఎండిపోతావుంటే అట్లంటావు? నువ్వు నోరు తెరిస్తేగానీ వాన రాదు,” అన్నాడు గుడి పెద్ద హరికృష్ణ.

“ఊపిరితిత్తులు చెడినాయన్నాడు గిద్దలూరు డాక్టరు. మళ్లీ తడిస్తే ఇంక లేచేది లేదన్నాడు,” అంది ఇంద్రుడి భార్య కళ్లు తుడుచుకుంటూ.

“మంటపం పక్కనే ఉంది గదమ్మా! చినుకు పడంగానే అందరం అందులోకే.”

“నేను కూడానా అయ్యా?” అన్నాడు ఇంద్రుడు.

“భలేవాడివే! దేవుణ్ణి బయట పెడతామా?”

ఆ మాటకు ఇంద్రుడు కరిగిపోయాడు. అసలే ఆ వేషమంటే ఆయనకు ప్రాణం.

మర్నాడు మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ముఖానికి రంగు పూసుకున్నాడు. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ వచ్చింది, ఆయనకు కాగితం గ్లాసులో. దగ్గు మనిషి కదా, ఎవరి జాగ్రత్త వాళ్లది.

అట్ట కిరీటం పెట్టుకుని, వజ్రాయుధం ఎత్తి పద్యం అందుకున్నాడు. ఆడవాళ్లు హారతి పట్టారు. హరికృష్ణ టెంకాయ కొట్టి, “కరుణించు స్వామీ!” అని చేతులెత్తి మొక్కాడు. ఇంద్రుడికి కడుపు నిండిపోయింది. ఇక పోయినా ఫర్వాలేదనిపించింది.

నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఫెళ్లున ఉరిమింది. “అర్జునా, ఫల్గుణా” అనుకుంటూ జనమంతా మంటపంలోకి పరుగెత్తారు. ఆ వెనకే కుండపోత.

దగ్గుతెర ఆగి ఇంద్రుడు తొట్టి దిగేసరికే బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. ముఖం మీది రంగు మెడలోకి కారుతోంది. గజగజ వణుకుతూ మంటపం మెట్ల దగ్గరికి చేరాడు.

“అయ్యయ్యో, కిరీటం నానిపోతాది, ఇట్లియ్యి,” అని హరికృష్ణ చేయి చాచాడు.

ఇచ్చాడు. హరికృష్ణ దాన్ని కండువాతో తుడిచి, రాములవారి పక్కన భద్రంగా పెట్టొచ్చాడు. ఇంద్రుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

“ఆడనే ఆగు ఇశ్రాయేలూ, ఇది గుడి.”