ఏడోవాడు

"వాడే," అన్నాడు హెక్టర్.

రైల్లోంచి కొత్తవాళ్లు ఇద్దరే దిగారు. ఒకాయన లావుగా ఉన్నాడు. మోకాళ్లు దాటిన బొచ్చుకోటు, చేతిలో పెద్ద తోలుపెట్టె. రెండో మనిషి సన్నగా, వెలిసిపోయిన కోటులో ఉన్నాడు. అతని మెడలో ఐసు మీద జారే స్కేట్ల జత వేలాడుతోంది.

"సన్నటాయనేనా? నువ్వెప్పుడూ చూడలేదు కదా అన్నయ్యా," అంది ఎఫీ.

"హారిగన్ మొహం నేను చూడక్కర్లేదు. స్కేట్లు చూస్తే చాలు. ఆ లావాటాయన బొచ్చుకోటు చూడు, లీగు డబ్బుతో కొన్నదే. మనల్ని పట్టుకోవడానికి లీగు పంపిన మనిషి ఆయనే."

కిల్‌బ్రే వెండిగనుల ఐసు హాకీ జట్టుకు హెక్టర్ మేనేజరు. సీజనులో ఇదే ఆఖరి ఆట. పోర్ట్ ఆర్డెన్ మీద గెలిస్తే జట్టు లీగులో ఉంటుంది, ఓడితే పేరు కొట్టేస్తారు. ఏడుగురిలో ఒకడికి బుధవారం భుజం విరిగింది. హెక్టర్ మాంట్రియల్‌కు తంతి కొట్టి, పేరుమోసిన హారిగన్‌ను ఈ ఒక్క ఆటకు కుదుర్చుకున్నాడు. జనవరి దాటాక కొత్తవాణ్ణి తేకూడదన్నది లీగు నియమం. అన్ని ఊళ్లూ తెస్తూనే ఉంటాయి. ఎవరూ వాళ్ల పేరు అడగరు. కానీ పట్టుబడితే గెలిచిన ఆట కూడా ఓడినట్టే.

హెక్టర్ వెళ్లి సన్నటి మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు.

"చూడండి, నేను..."

"పేరు చెప్పకండి. ముందు నడవండి."

"అది కాదండీ. నేను ఆట మానేసి రెండేళ్లయింది. ఈ స్కేట్లు అలవాటుగా వెంట ఉంటాయంతే."

"మీలాంటి ఆటగాళ్లంతా ఇలాగే అంటారు. అరగంటలో ఆట మొదలు. మాకున్నది ఆరుగురు."

స్టేషను పక్కనే రింకు, ఐసు పరిచిన ఆటస్థలం. చెక్కగోడల వెనక కర్రలు ఐసుమీద టకటకలాడుతున్నాయి. సన్నటి మనిషి అటు చూసి, మెడలోని స్కేట్లు తడుముకున్నాడు. హెక్టర్ వెంట నడిచాడు.

హెక్టర్ వెనక్కి తిరిగి చెల్లెలితో గుసగుసలాడాడు. "ఆ బొచ్చుకోటాయన్ని ఆటగాళ్ల గది ఛాయలకు రానివ్వకు. అంతే నీ పని."

"నేనా? కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు కదా."

"నోరు పెగలకపోతే చేతులు వాడు. నువ్వు మాంసం కూరి కాల్చిన పై రొట్టె తింటూ మధ్యలో లేచినవాడు ఈ ఊళ్లో లేడు."

ఎఫీ పై రొట్టెల బుట్ట పట్టుకుని బొచ్చుకోటు ముందు నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మక్‌ఫీ గారు ఎక్కడమ్మా?" అని ఆయనే అడిగాడు.

"మా అన్నయ్యే అండీ. ఆట అయ్యాక మీతో మాట్లాడతాడట."

"ఆట అయ్యాకా?"

"అవునండీ. ఈలోగా ఈ పై రొట్టె తినండి."

ఆయన వింతగా చూశాడు. తర్వాత భుజాలెగరేసి, "సరే, ఆయన ఎలా చెబితే అలా," అంటూ ఆమె వెంట వెళ్లి మెట్ల మీద అన్నిటికన్నా ఎత్తు వరసలో కూర్చున్నాడు.

ఫిబ్రవరి ఎండకు ఐసు మెత్తబడి, పైన నీళ్లు నిలిచాయి. మొదటి అరగంట చూడలేకపోయింది ఎఫీ. సన్నటి మనిషి రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. పోర్ట్ ఆర్డెన్ రెండు గోల్స్ కొట్టింది.

"ఒరేయ్ హెక్టరూ, వీణ్ణి ఏ ఆస్పత్రి నుంచి తెచ్చావురా?" అని గనివాళ్లు కేకలేశారు.

బొచ్చుకోటాయన లేవబోయాడు. "నేను కిందికి వెళ్లాలమ్మాయ్."

"ఇంకో ముక్క మిగిలిందండీ."

రెండో అరగంటలో సన్నటి మనిషి కాళ్లకు ఏదో గుర్తొచ్చినట్టయింది. రబ్బరు బిళ్లను కర్రకు అతికించుకున్నట్టు ముగ్గురి మధ్య నుంచి దూసుకెళ్లాడు. స్తంభాల వెనక నిలబడిన జడ్జి గోల్ పడిందని తెల్ల రుమాలు ఊపాడు. రింకు దద్దరిల్లింది. మరో ఐదు నిమిషాలకు రుమాలు మళ్లీ ఎగిరింది. రెండు రెండు.

"ఎవరతను?" అన్నాడు బొచ్చుకోటాయన, చేతిలోని రొట్టె ముక్క మరిచిపోయి.

"మా కిరాణా కొట్టాయన బంధువండీ." జీవితంలో ఎఫీ ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది.

"బంధువా? ఇంతటివాడు ఊళ్లోనే ఉంటే ఇంక..." ఆయన మాట మింగేసి లేచాడు. ఎఫీ ఆయన కోటు అంచు రెండు చేతులా పట్టుకుంది. సిగ్గు ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు. తమ వీధి గురించి, తమ ఆవు గురించి, నోటికొచ్చిందల్లా చెబుతూ పోయింది.

ఆట ముగియడానికి ఇంకొక్క నిమిషం. ఎవడో కర్రతో సన్నటి మనిషి మూతి పగలగొట్టాడు. నెత్తురు ఉమ్మేసి, అతను పడుతూనే బిళ్లను నెట్టాడు. అది నీళ్లు చిమ్ముకుంటూ గోల్‌కీపరు కాళ్ల మధ్య నుంచి జారింది. జడ్జి ఒక్క క్షణం ఆగాడు.

రుమాలు ఎగిరింది.

టోపీలు గాలిలోకి లేచాయి. బొచ్చుకోటాయన జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగాడు. ఎఫీ ఆయన చేతిని వదలకుండా వెంట వేలాడింది.

ఆటగాళ్ల గదిలో హెక్టర్ సన్నటి మనిషిని కావలించుకుని ఉన్నాడు. "వెనక తలుపునుంచి జారుకోండి. ఆ కోటాయన మిమ్మల్ని చూస్తే లీగుకు రిపోర్టు రాసేస్తాడు."

తలుపు ధడాలున తెరుచుకుంది.

"మక్‌ఫీ గారూ," అన్నాడు బొచ్చుకోటాయన, రొప్పుతూ. "మీరు పిలిచేదాకా నేనెవరో ఎవరికీ చెప్పొద్దని తంతి ఇచ్చారు, చెప్పలేదు. రెండు గంటలుగా ఈ అమ్మాయి నాకు పై రొట్టె పెడుతూనే ఉంది. నా జెర్సీ ఎక్కడండీ?"

గదిలో అందరూ సన్నటి మనిషి వైపు తిరిగారు. అతను పగిలిన పెదవి తుడుచుకుంటూ, చిన్నపిల్లాడిలా నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"లీగుకు రిపోర్టు రాయాల్సింది నేనండీ," అన్నాడు.