మూడో దవాఖాన

"ఈ డాక్టర్ గూడ వద్దు," చెప్పులు తొడుక్కుంటూ తేల్చేసింది కనకవ్వ.

ఐదు రోజుల పాపను గుండెకు హత్తుకుని ఆమె అల్లుడు వీరేందర్ దవాఖాన మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఎందుకత్తమ్మా? మంచిగనే చూసిండు గదా!"

"ఆయన పెండ్లాం గూడ డాక్టరేనట. ఇద్దరు ఒక్కతాన ఉంటే పని ఒకరి మీదికి ఒకరు నూకుతరు."

వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందంటే ఇదే. అంతకుముందు చూపించిన డాక్టర్‌కు ముప్ఫై ఏళ్ల అనుభవం. ఆయన్నేమో "ముసలోడు" అని తీసిపారేసింది.

పాప ఒళ్లు కాస్త పచ్చగా ఉందని నిన్న కాన్పు దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్పారు. ఇవాళ చూసిన ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట అన్నారు. భయం లేదు, రెండు గంటలకోసారి తల్లిపాలు పట్టండి, ఎల్లుండి మళ్లీ చూపించండి. ఆ ఎల్లుండి ఎవరికి చూపించాలో ఇవాళే తేలాలి. రేపటి నుంచి వీరేందర్‌కు గనిలో డ్యూటీ. లోపలికి దిగాక ఫోను కూడా అందదు. తొలిచూలు బిడ్డ. అతనికి నిజంగానే భయంగా ఉంది.

కనకవ్వ ఫోను మోగింది. ఇంటి దగ్గర నుంచి ఆమె భర్త గట్టయ్య.

"ఏమైంది? దొరికిండా?"

"కాలే. ఇంకొకాయన ఉన్నడు," అని పెట్టేసింది.

"జల్ది కానియ్యి అత్తమ్మా. పాపకు పాల టైమైతంది. హర్షిణి ఎదురుచూస్తది."

"ఒక్కనాటి ముచ్చటనా అల్లుడా? జిందగంత మంచిగ చూసుకునెటోడు కావాలె. తొందరపడితె ఎట్ల?"

ఆ మాటకు వీరేందర్ మనసు కరిగింది. మనవరాలంటే ఎంత ప్రేమ ఈమెకు!

ఆటోలో అతని భార్య హర్షిణి చెల్లెలు సహస్ర ఫోను చూసుకుంటూ కూర్చుంది. రెండు చోట్లా ఆమెను దిగనివ్వని కనకవ్వ, మూడో దవాఖాన ముందు మాత్రం చెయ్యి పట్టి దింపింది. బోర్డు మీది డాక్టర్ పేరు ఇంటిపేరుతో సహా రెండుసార్లు చదివించుకుంది.

"పాపను నువ్వెత్తుకో. మీ బావ చేతులు బండలెక్కనున్నయ్."

ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి ఆ చేతుల్లోనే హాయిగా నిద్రపోయిన పాపను వీరేందర్ మరదలికి అందించాడు. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

డాక్టర్ ఉపేందర్‌కు ముప్ఫై ఏళ్లు దాటినట్టు లేవు. సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. స్టెతస్కోపు చల్లగా తగలకుండా అరచేతిలో రుద్ది మరీ పాప ఛాతీ మీద పెట్టాడు. కిటికీ వెలుతురులో నుదురు మెల్లగా నొక్కి రంగు చూశాడు.

"పొద్దటి నుంచి ఎన్నిసార్లు తడిపింది?"

"నాలుగుసార్లు," సహస్ర చెప్పింది.

"లెక్క మంచిగ పెట్టిన్రు. పాలు సరిపోతున్నయన్నట్టు. ఫికర్ చెయ్యకుర్రి."

కనకవ్వ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మీదే ఊరు బిడ్డా?"

"శ్రీరాంపూర్ అవ్వా. మా నాయిన గనిలనే చేసి రిటైరైండు."

"రేపు హైదరాబాద్ గిట్ల పోతవా?"

"ఎటు పోత? అమ్మానాయిన ఊర్లెనే ఉంటరు గదా."

"కోపమెక్కువనా?"

"పిల్లలు అంగీ తడిపినా రాదు," నవ్వాడు ఉపేందర్.

కనకవ్వ చూపు బల్ల మీది పార్సిల్ పొట్లం మీద ఆగింది. "బువ్వ హోటల్ నుంచా?"

"ఈడ ఒక్కన్నే ఉంట. వండుకునే టైమేది అవ్వా?"

అయిపోయింది, వంక దొరికిందనుకున్నాడు వీరేందర్. కానీ కనకవ్వ ముఖం విప్పారింది. లేస్తూ లేస్తూ డాక్టర్ తల నిమిరింది.

"ఎల్లుండి ఈయనకే చూపిద్దాం," బయటికొచ్చి చెప్పింది.

వీరేందర్ ప్రాణం కుదుటపడింది. రేపు నిశ్చింతగా గనిలోకి దిగొచ్చు. ఉండబట్టలేక అడిగాడు. "అనుభవం తక్కువ గదా అత్తమ్మా?"

"అదే వస్తది తియ్యి."

ఆటోలో సహస్ర పాపకు టోపీ సర్దుతోంది. ఫోను ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు.

గట్టయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "ఈయన గూడ కాలేదా?"

కనకవ్వ నాలుగడుగులు పక్కకు జరిగి గొంతు తగ్గించింది.

"సహస్రకు పిల్లగాడు దొరికిండు."