పాప కోసం పెంచిన మొక్క

దత్తతకు దరఖాస్తు పెట్టినవాళ్లు ముందు ఏడాదిపాటు ఒక మొక్కను బతికించి చూపించాలి. బాపట్లలో ఎస్తేరు, ప్రభుదాసు దంపతులకు దళసరి ఆకుల ఎడారి మొక్క వచ్చింది. దానికి పదిహేను రోజులకోసారి నీళ్లు చాలు. ఎప్పుడు పోశారో కుండీయే రాసుకుంటుంది.

పదో నెల దాటాక కాండం కుళ్లి మొక్క ఒరిగిపోయింది. మళ్లీ దరఖాస్తు పెట్టే వయసు ఇద్దరికీ దాటిపోయింది.

"మధ్యమధ్యలో నేను కాసిని పోశాను," అంది ఎస్తేరు.

"నేనూ పోశా. నీకు చెప్పలేదు," అన్నాడు ప్రభుదాసు.

చెడని ఆకు ఒక్కటే మిగిలింది. దాన్ని తుంచి, కుండీలో మట్టి మార్చి, పైన పెట్టారు.

గడువు నాటికి ఆ ఆకు మొదలు దగ్గర గోరంత పిలక వచ్చింది. దత్తత అధికారిణి వచ్చి కుండీ లెక్క చూసింది.

"ముందు దాదాపు రోజూ పోశారు. తర్వాత నలభై రోజులు చుక్క కూడా పోయలేదు. ఎలా ఆగారు?"

"పోయాలనిపించినప్పుడల్లా ఒకరినొకరు అడిగామండీ," అంది ఎస్తేరు.

ఆవిడ పిలకను కాసేపు చూసి సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా నాలుగేళ్ల పాప ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండానే "ఆకలేస్తోంది" అంది. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"నువ్వు పెడతావా, నేను పెట్టనా?" అని అడిగాడు ప్రభుదాసు.