చెవితో చూసిన వార్తలు

"ఈ అంచు విప్పేయండక్కా."

ముచ్చటపడి చొక్కా చేతులకు వేసిన పూల అంచును ఆవిడ అలా వేలితో చూపించేసరికి దర్జీకి ఒళ్ళు మండింది.

"అందం కోసం వేశాను మేడం. దానికి వేరే ఏమీ అడగనులెండి."

"అందంగానే ఉంది. కానీ పువ్వులూ గీతలూ నా పనికి అడ్డం. సాదాగా ఉండాలి."

ఎప్పుడూ ఇదే వరస. ముదురు రంగు, పొడుగు చేతులు, గుడ్డ మీద చుక్క కూడా ఉండకూడదు. షాపులో ఆవిడకు 'సాదా మేడం' అని పేరు పడిపోయింది. ఏం ఉద్యోగమని అడిగితే "సాయంత్రం డ్యూటీ" అని నవ్వి ఊరుకునేది.

దర్జీకీ ఒక పేరుంది. రేడియో.

పొద్దున్న షట్టరు ఎత్తగానే టీవీలో వార్తలు పెడితే మళ్ళీ షట్టరు దించేదాకా ఆపదు. అలాగని తెర వైపు తలెత్తదు. తలెత్తితే కుట్టు వంకర పోతుంది మరి! చూపు సూది మీద, చెవి టీవీ మీద. ఎక్కడ ప్రభుత్వం పడిపోయిందో, ఎక్కడ వంతెన కూలిందో అన్నీ ఆమె నాలుక చివరే ఉంటాయి.

"టీవీ కొంచెం తగ్గిస్తారా?" అంది సాదా మేడం.

"ఏం, మీరు వార్తలు వినరా?"

"ఇంట్లో అస్సలు పెట్టనక్కా. ఒక్కో వార్తా ఒంట్లోకి దిగిపోతుంది. ఇక నిద్ర పట్టదు."

రేడియోకి చిర్రెత్తుకొచ్చింది.

"చిన్నపిల్లలంటే చెల్లుతుంది. ఓటేసే వయసొచ్చాక లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవద్దూ? అది మన బాధ్యత కాదూ? మా అమ్మను చూడండి. పుట్టు చెవుడు. అక్షరం ముక్క రాదు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అయినా సాయంత్రం వార్తల వేళకి టీవీ ముందు కూర్చోవాల్సిందే. ఏం అర్థమవుతుందో ఏమో పాపం, బొమ్మలు చూస్తుంది కాబోలు. ఆ పాటి శ్రద్ధ కూడా మీకు లేదు."

చొక్కా మడత పెడుతున్న సాదా మేడం చేతులు ఆగిపోయాయి.

"మీ అమ్మగారు రోజూ చూస్తారా?"

"ఒక్కరోజు తప్పదు."

ఆవిడ ముఖం విప్పారింది.

"నాకు వేరే ఊరు బదిలీ అయిందక్కా. ఇవాళ డ్యూటీ దిగగానే బండెక్కేస్తాను. అమ్మగారిని అడిగానని చెప్పండి."

"మిమ్మల్ని ఆవిడ ఎరుగునా ఏమిటి!" అంది రేడియో, తల ఎత్తకుండానే.

సాదా మేడం మెట్లు దిగి వెళ్ళిపోయింది. లోకం పట్టని మనిషి, పోతే పోయింది అనుకుంది రేడియో.

మధ్యాహ్నం మొదలైన వాన కుండపోత అయింది. బజారు వరకూ కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. ఊళ్ళో కబుర్లన్నీ మోసే రేడియోకి ఆ పూట పక్క వీధి సంగతి కూడా తెలియదు. కిటికీ వెలుతురులో కూర్చుని గుండీలు కుట్టుకుంది.

చీకటి పడుతుండగా సైరన్ మోగింది. వీధిలో మైకు వినిపించింది.

"ఆనకట్ట గేట్లు ఎత్తేశారు! వాగు పక్క వీధులన్నీ ఖాళీ చెయ్యండి!"

వాగు పక్కదే వాళ్ళ వీధి.

సైరన్ అమ్మకి వినపడదు. మైకూ వినపడదు.

రేడియో చెప్పులు వదిలేసి పరుగెత్తింది. వీధి మొదట్లోనే నీళ్ళు నడుం దాకా వచ్చాయి. గోడలు పట్టుకుని ఇల్లు చేరితే తలుపుకి బయట తాళం.

"అందరూ బడికెళ్ళారమ్మా!" ఎవరో మేడ మీంచి అరిచారు.

మెరక మీదున్న బడి హాల్లో అమ్మ పక్కింటి పసిపిల్లను ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. రేడియో వెళ్ళి ఆ మోకాళ్ళ మీద పడి బావురుమంది.

"మీ అమ్మ చల్లగా ఉండాలి తల్లీ," అంది పక్కింటి పిన్ని. "సైరన్ తర్వాతెప్పుడో మోగింది. ఈవిడ ముందే వచ్చి మా తలుపులన్నీ బాదేసింది. చెవులున్నవాళ్ళం సీరియల్ చూస్తూ కూర్చున్నాం. ఈవిడ రెక్క పట్టుకుని లాక్కురాకపోతే అక్కడే ఉండేవాళ్ళం."

"నీకెవరు చెప్పారే?" రేడియో అమ్మ గడ్డం పట్టుకుని సైగ చేసింది.

అమ్మ టీవీ వైపు చూపించింది. గోడనున్న టీవీలో సాయంత్రం వార్తలే మళ్ళీ వేస్తున్నారు. వార్తలు చదివే అమ్మాయి గొంతు రేడియోకి బాగా పరిచయమే.

"ఈ అమ్మాయా?"

కాదని తలూపింది అమ్మ. చెవిటివాళ్ళ సంఘంలో తోటి ఆడవాళ్ళతో కలిసి నేర్చుకున్న సైగలతో గబగబా ఏదో చెప్పింది. వాటిలో సగం కూతురికి అర్థం కావు. నేర్చుకునే తీరిక ఏనాడు దొరికింది గనక! అమ్మ విసుక్కోలేదు. మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కో సైగా నెమ్మదిగా చేసింది.

"నా స్నేహితురాలు. రోజూ నాతో మాట్లాడుతుంది. ఇవాళ ముందు ఇల్లు వదిలి పొమ్మంది. అందరినీ లేపమంది. ఆఖర్న, ఊరు వెళ్ళిపోతున్నాను, సెలవు అంది."

అమ్మ పిల్లను పిన్నికి అందించి లేచింది. టీవీ దగ్గరికి వెళ్ళి, తెర కింది మూల మీద వేలు పెట్టింది.

ఇన్నేళ్ళుగా వార్తలు విన్న రేడియో మొదటిసారి తలెత్తి అటు చూసింది: ఆ మూలన, అరచేయంత గుండ్రంలో నిలబడి, గొంతు విప్పకుండా రెండు చేతులతో ఊరిని మేల్కొలుపుతున్నది సాదా మేడం.