సాంబ్రాణి పొగ

ఒక వంతు కరెంటుతో మూడు వంతుల వేడి ఇచ్చే పంపుతో తప్ప, ఏ ఇంట్లోనూ మరోలా నీళ్లు కాచకూడదని చట్టం వచ్చి ఆరేళ్లయింది. తప్పితే ఇంటికి ఏడాదిపాటు కరెంటు ఉండదు. ప్రతి ఇంట్లోనూ గోడమీది సర్కారు కన్ను కనిపెట్టుకుని ఉంటుంది.

కానీ పంపు నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. పైడితల్లికి ఆడపిల్ల పుట్టి పదకొండో రోజు.

"సలసలా కాగిన నీళ్లు పడకపోతే బాలింత ఒళ్లు గట్టిపడదే," అని తల్లి నర్సమ్మ కూతురి చెవిలో గొణిగింది.

"గోడకి తెలిసిపోద్దమ్మా!"

నర్సమ్మ వినలేదు. కన్ను లేని డాబామీద కొబ్బరి చిప్పలు మండించి నీళ్లు కాచి, బిందెమీద చీర కప్పి కిందికి దించింది. తల్లీబిడ్డల స్నానాలు అయ్యాయి. ఎవరూ చూడలేదు.

మిగిలిన నిప్పులు కిందికి తెచ్చి, అలవాటు కొద్దీ, వాటిమీద సాంబ్రాణి చల్లి మనవరాలి తలకు పొగ పట్టింది.

కన్ను ఎర్రబడింది.

"సాంబ్రాణే బాబూ! ఇంకేటీ లేదు," అంది నర్సమ్మ.

"సాంబ్రాణికి అనుమతి ఉంది," అంది గోడ మెత్తగా.

నర్సమ్మ ఊపిరి పీల్చుకుంది.

"తలకు పోసుకున్నాకే కదమ్మా పొగ పడతారు? ఈ రోజు మీ పంపు తిరగనే లేదు. నీళ్లు ఎలా కాగాయి?"