శంకరవ్వ ముగ్దర్లు

"అవ్వా, ఇగ ఆపుతవా లేదా?"

సిద్దిరాములు ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని అరిచాడు. పెరట్లో అతని తల్లి శంకరవ్వ ఆపలేదు. చీర గోచి బిగించి, కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులతో ముగ్దర్లను భుజాల వెనకనుంచి తిప్పుతోంది. కుస్తీ నేర్పే తాలీంలో పహిల్వాన్లు తిప్పే బరువైన చెక్క గదలవి. తిప్పినప్పుడల్లా ఆమె గొంతులోంచి మూలుగు వస్తోంది. ముడతలుపడ్డ చేతుల మీద ఆముదమూ చెమటా కలిసి జిడ్డుగా కారుతున్నాయి. ఆ కంపుకు సిద్దిరాములు రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఆ ముగ్దర్లు అతని తండ్రివి. నిజాం రాజ్యంలో ఆయన సిరిసిల్లలో తాలీం నడిపాడు. ఆయన పోయాక అవి అటక మీదే ఉండిపోయాయి. మొన్న వానకాలంలో శంకరవ్వ పెరట్లో పడి చెయ్యి బెణికించుకుంది. కట్టు విప్పిన మరునాడే వాటిని కిందికి దింపించింది.

"అరవై దాటినంక గివేం ఏషాలే? వాడకట్టంత నవ్వుతుండ్రు."

"నవ్వనీ. పాణం గట్టిగుండాలె."

ఆమె నేల మీదికి వంగి దండీలు తీయడం మొదలుపెట్టింది. అతను ముఖం తిప్పుకున్నాడు. గోడ అవతలనుంచి పొరుగింటి యాదవ్వ తొంగిచూసింది.

"ఏమయ్యా సిద్దిరాములు, మీ అవ్వ దసరాకు కుస్తీ పడ్తదా ఏంది?"

అతనికి తల కొట్టేసినట్టయింది. పద్మశాలి కులంలో నలుగురూ పంచాయితీకి పిలిచే మనిషి. మగ్గం మీద అతని నేత చూసి మెచ్చుకోనివాళ్లు లేరు. అలాంటివాడి ఇంట్లో ఈ అసహ్యం!

బువ్వ దగ్గర మరీ ఘోరం. నానబెట్టిన శనగలు నోటినిండా కుక్కుకొని ఊడగా మిగిలిన పళ్లతో చప్పరిస్తుంది. పచ్చి గుడ్డు పగలగొట్టి గొంతులో పోసుకుంటుంది. పచ్చసొన గదవ మీదుగా జారుతుంటే అరచేత్తో తుడిచి నాకుతుంది. సిద్దిరాములు పళ్లెం నెట్టేసి లేచిపోయేవాడు.

"నువ్వన్న జెప్పరాదే?" అని భార్యను కసిరాడొకరోజు.

కండెలు చుడుతున్న బాలలక్ష్మి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నేనేం జెప్త?" అంది తల ఎత్తకుండా.

చలికాలం వచ్చేసరికి శంకరవ్వ భుజాలు మొద్దుల్లా తయారయ్యాయి. రైక చేతులు పిగిలిపోయాయి. ఆడమనిషి ఒంటి మీద ఆ కండలు చూస్తే అతనికి ఒళ్లు జలదరించేది. దగ్గరికి వస్తే పక్కకు జరిగేవాడు.

ఒకరోజు పొద్దుగూకే వేళ కల్లు దుకాణం దగ్గర దోస్తు కొమురెల్లి అందరిముందే అన్నాడు:

"మీ ఇంట్ల మొగోడు నువ్వా, మీ అవ్వనా?"

అందరూ పగలబడి నవ్వారు. సిద్దిరాములు ముంత విసిరికొట్టి ఇంటికి వచ్చాడు. అత్తాకోడళ్లు పొయ్యి దగ్గర ఉన్నారు.

"ఆ ముగ్దర్లు ఏడున్నయి? ఇప్పుడే బాయిల పడేస్త!"

"పడెయ్యి," అంది శంకరవ్వ లేస్తూ. "నేర్సుకున్నది ఒంట్ల ఉన్నది."

"నా ఇజ్జత్ తీసిండ్రు! ఇంట్లున్నోళ్లే ఎగదోస్తుండ్రు. నాకు ఎర్కలేదనుకున్నరా?"

చెయ్యి లేపాడు. లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మణికట్టు తల్లి పిడికిట్లో ఉంది. గుంజుకున్నాడు. రాలేదు. రెండోచేత్తో ఆమె వేళ్లు విప్పబోయాడు. ఆముదపు జిడ్డు అంటింది తప్ప ఒక్క వేలూ కదల్లేదు.

"ఇడువే! నొస్తున్నది!"

"నొయ్యనీ."

కుళ్లినదాన్నేదో పట్టుకున్నట్టు శంకరవ్వ ముఖం వికారంగా ముడుచుకుపోయింది. కొడుకు వైపు చూడటానికే ఆమెకు రోతగా ఉంది.

"గీ ముసల్తనంల గింత బలం ఎందుకే నీకు?"

"దినాం లేసే గీ చెయ్యిని పట్టనీకేరా."

జానెడు దూరంలో, దెబ్బ కోసం కళ్లు మూసుకొని బాలలక్ష్మి నిలబడి ఉంది.